కారు ఇన్సూరెన్సు పోలీసోళ్ళ కోసం కడుతున్నామా, మన కోసమా?

ఇవాళ పొలం సంగతి కాదు, కారు సంగతి రాస్తున్నా. కొంచెం పొడుగైంది, తీరిక చేసుకుని చదవండి.

పదేళ్ళ కింద మా ఊళ్ళో కార్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఇప్పుడు వీధికి రెండు మూడు ఉన్నయ్. చాలావరకు సెకండ్ హ్యాండ్ బళ్ళే. మిర్చికి రేటొచ్చిన ఏడు కొన్నవి కొన్ని, పిల్లలు హైదరాబాద్ నుంచి పంపిన డబ్బుతో కొన్నవి కొన్ని. కొనేటప్పుడు మనం ఇంజను సౌండు వింటాం, టైర్లు తడుముతాం, మెకానిక్ ని వెంటబెట్టుకుని పోతాం. ఇన్సూరెన్సు కాయితం మాత్రం "ఉందా? ఉంది" అంతటితో సరి. ఆ ఒక్క మాట దగ్గర మా తోడల్లుడికి డెబ్బై ఎనిమిది వేలు పోయినయ్.

ఆయన గుంటూరులో ఒక స్విఫ్ట్ కొన్నాడు. అమ్మినాయన "ఫుల్ ఇన్సూరెన్సు, ఇంకా ఐదు నెలలుంది" అన్నాడు. అబద్ధం కాదు, నిజంగానే ఉంది. ఆర్సీ పేరు మార్పించుకున్నాడు. పాలసీ సంగతి ఎవరికీ గుర్తు రాలా. మూడో నెలలో రాత్రిపూట గేదె అడ్డమొచ్చి, తప్పించబోయి కల్వర్టుకి కొట్టాడు. దేవుడి దయవల్ల మనిషికి ఏం కాలా. షెడ్డులో బిల్లు డెబ్బై ఎనిమిది వేలు. కంపెనీ వాళ్ళు చూసి "పాలసీ వేరే వాళ్ళ పేరు మీద ఉంది, మీకు మాకు సంబంధం లేదు" అని రాసిచ్చారు.

మొదట నాకూ కోపమొచ్చింది. తర్వాత తెలిసిన వాళ్ళని అడిగితే చట్టం అట్లాగే ఉందన్నారు. బండి చేతులు మారితే ఎదుటివాడికి జరిగే నష్టం భాగం, అంటే థర్డ్ పార్టీ, దానంతట అదే కొన్నవాడికి వస్తుంది. మన బండికి జరిగిన నష్టం భాగం మాత్రం రాదు. కొన్న 14 రోజుల లోపల కంపెనీకి అర్జీ పెట్టి పేరు మార్పించుకోవాలి. పైగా పాతాయనకి ఉన్న నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మనది కాదు. ఆ తేడా డబ్బులు మనం కట్టాలి. ఆర్సీకి ఆఫీసు చుట్టూ తిరిగిన మనిషి దీనికి ఒక్కపూట తిరగలేడా? తిరుగుతాడు. తెలిస్తే.

ఇంక అసలు సంగతికొస్తా. మనోళ్ళలో సగం మంది కట్టేది ఒట్టి థర్డ్ పార్టీ. "పోలీసులు ఆపితే చూపించటానికి" అంటారు. అసలు ఇన్సూరెన్సు లేకపోతే మొదటిసారి 2,000 జరిమానా, రెండోసారి 4,000, మూడు నెలల దాకా జైలు కూడా వెయ్యొచ్చు. దానికి భయపడి కడతాం. నేననేది ఏంటంటే, జరిమానా అన్నిటికంటే చిన్న సంగతి.

థర్డ్ పార్టీ అంటే మన కారు తగిలి రోడ్డు మీద మనిషికి ఏమన్నా అయితే వాళ్ళకి ఇచ్చేది. మరి మన కారులో మన పక్కన కూర్చున్న వాళ్ళ సంగతి? కోటప్పకొండ తిరునాళ్ళకి పోతుంటే పక్కింటి బావ ఎక్కుతాడు, వాళ్ళావిడ ఎక్కుద్ది, అత్త ఎక్కుద్ది. ఒట్టి థర్డ్ పార్టీ పాలసీలో మామూలుగా వాళ్ళకి రక్షణ లేదు. కోర్టులు ఇదే మాట చాలాసార్లు చెప్పినయ్. ఫుల్ పాలసీ, దాన్నే ప్యాకేజీ పాలసీ అంటారు, అది ఉంటే కారులో ఉన్నవాళ్ళకి కూడా కంపెనీ బాధ్యత తీసుకుంటుంది. ఈ తేడా మా ఊళ్ళో నేను అడిగిన పదిమందిలో ఒక్కరికి కూడా తెలియదు. నాకు కూడా రెండేళ్ళ కిందటి దాకా తెలియదు, గొప్ప చెప్పుకోవట్లా.

బాగా కావాల్సినవాడే కదా, బావ కుటుంబం కేసెందుకు వేస్తుంది అంటారా? మనిషి పోయాక, చదువుకునే పిల్లలుంటే వెయ్యక ఏం చేస్తారు? వెయ్యాలి కూడా. ట్రిబ్యునల్ ఇంత ఇవ్వమని చెప్పాక కంపెనీకి బాధ్యత లేకపోతే అది మన మీద పడుద్ది. మనం కట్టకపోతే కలెక్టరు ద్వారా భూమి శిస్తు బకాయి వసూలు చేసినట్టే వసూలు చేయొచ్చని మోటారు వాహనాల చట్టంలోనే ఉంది. రెండెకరాల రైతుకి అంటే అర్థమేంటో నేను చెప్పక్కర్లా. మూడు నాలుగు వేలు మిగిల్చామని ఒట్టి థర్డ్ పార్టీ కట్టి, కారు నిండా ఊరి జనాన్ని ఎక్కించుకుని తిరగటం నా దృష్టిలో పొలం పందెం కాయటమే. కారు పాతదై లక్ష కూడా చెయ్యదు, ఫుల్ ఎందుకు అనేవాళ్ళకి కూడా నా జవాబు ఇదే. కారు విలువ చూడొద్దు, కారులో ఎక్కేవాళ్ళని చూడండి. ఒక్కడివే తిరుగుతావు, ఎవర్నీ ఎక్కించవు అంటే అప్పుడు నీ లెక్క వేరు.

ఇంకోటి. ఆస్పత్రికి తీసుకుపోయి పెట్రోలు డబ్బులు, పైన ఐదొందలు తీసుకోవటం మన దగ్గర మామూలే. సొంత కారు పాలసీలో బాడుగకి తిప్పితే వర్తించదు అని స్పష్టంగా ఉంటది. యాక్సిడెంట్ అయినాక విచారణకి వచ్చినాయన ముందు అడిగేది అదే, "ఎంత ఇచ్చారు?" అని. ఆపదలో ఉన్నవాణ్ణి తీసుకుపోవద్దని నేననను. తీసుకుపోండి, డబ్బులు పుచ్చుకోవద్దు.

ఇక రేట్ల సంగతి. ఇక్కడ మనోళ్ళు రెండు రకాలు. ఒకరు ఏజెంటు ఎంత చెప్తే అంత కట్టేవాళ్ళు. రెండోవాళ్ళు ఫోన్లో ఎక్కడ తక్కువ కనపడితే అక్కడ నొక్కేవాళ్ళు. రెండూ తప్పే అని నా అభిప్రాయం.

ముందు తెలుసుకోవాల్సింది, థర్డ్ పార్టీ రేటు కేంద్ర ప్రభుత్వం పెట్టేది. ఏ కంపెనీలో అయినా ఒకటే. 2022 జూన్ లో పెట్టిన రేటు ప్రకారం 1000 సీసీ లోపు కారుకి 2,094, 1000 నుంచి 1500 సీసీ దాకా 3,416, ఆ పైన 7,897. అందులో ఎవరూ పైసా తగ్గించలేరు. "థర్డ్ పార్టీ నేను తగ్గిస్తా" అని ఎవరైనా అంటే కాయితం అసలుదో కాదో చూసుకోండి. బేరం ఆడాల్సింది రెండో భాగం మీద, మన బండి డ్యామేజీ మీద. అది 2007 నుంచి కంపెనీల ఇష్టానికి వదిలేశారు. ఒక్కొక్కరు ఒక్కో రేటు చెప్తారు. మొత్తం మీద 18 శాతం జీఎస్టీ.

నాది ఏడేళ్ళ వ్యాగనార్. పోయినసారి పాత కంపెనీ నుంచి రెన్యువల్ కి 8,640 కట్టమని మెసేజ్ వచ్చింది. మా అబ్బాయి ఫోన్లో చూసి "నాన్నా, ఇక్కడ 5,480కే ఇస్తున్నారు, ఆ ఏజెంటు నిన్ను ముంచుతున్నాడు" అన్నాడు. మూడు వేల నూట అరవై తేడా! వాడు నొక్కబోతుంటే ఆగమన్నా. గుంటూరు యార్డులో రెండు టిక్కీల రేటు పోల్చేముందు తూకం ఒకటేనా అని చూడమా? ఇదీ అంతే.

కూర్చుని రెండూ పక్కపక్కన పెట్టి చూశాం. పాతదాంట్లో బండి విలువ రెండు లక్షల నలభై వేలు. దాన్ని ఐడీవీ అంటారు. బండి దొంగలెత్తుకుపోయినా, బాగుచెయ్యటానికి ఐడీవీలో ముప్పావు వంతు పైన అయ్యేట్టు నాశనమైనా మనకిచ్చేది దాని ప్రకారమే. ఫోన్లో దాన్ని లక్షా ఎనభై ఐదు వేలకి దించారు. ఐదేళ్ళు దాటిన బండికి ఈ విలువ మనం, కంపెనీ మాట్లాడుకుని పెట్టుకునేదే, అందుకే దించటం వాళ్ళకి తేలిక. రెండోది, "వాలంటరీ డిడక్టిబుల్ 2,500" అని ఒక టిక్కు ముందే పెట్టి ఉంది. అంటే ప్రతి క్లెయిమ్ లో మామూలుగా మనం పెట్టుకునే వెయ్యి కాక ఇంకో రెండున్నర వేలు మన జేబులోంచే. మూడోది, బండి యజమానికి ఉండే 15 లక్షల ప్రమాద బీమా తీసేసి ఉంది.

ఈ మూడోది తీసెయ్యటం అన్నిసార్లూ తప్పు కాదు. అది మనిషికి ఒకటుంటే చాలు. మోటార్ సైకిల్ పాలసీలో ఇప్పటికే నడుస్తుంటే కారులో మళ్ళీ కట్టక్కర్లా. చాలామంది రెండుచోట్లా కడుతున్నారు, మీ కాయితాలు తీసి చూసుకోండి. నా మోటార్ సైకిల్ కి లేదు కాబట్టి నాకు కావాలి.

మూడూ సరిచేసి, పాతదాంతో సమానం చేసి చూస్తే 7,720 అయింది. అంటే నిజమైన తేడా 920. మిగతా రెండువేల రెండొందల నలభై తగ్గింపు కాదు, మనకి రావాల్సిందే కోసేసి చూపించారు. అయినా 920 కూడా ఊరికే రాదు కదా. ఆ స్క్రీన్ ఫొటో తీసి ఏజెంటుకి పంపా. సాయంత్రానికి "7,900 చేస్తా మామా" అన్నాడు. నూట ఎనభై ఎక్కువైనా అతనికే ఇచ్చా. ఎందుకంటే పోయినేడు మా బాబాయి బండి రాత్రి పదకొండింటికి రోడ్డు మీద ఆగిపోతే ఫోన్ ఎత్తింది ఆ కుర్రాడే, పొద్దున్నే షెడ్డు దగ్గర సర్వేయర్ వచ్చేదాకా నిలబడింది కూడా అతనే. ఆ మాత్రం మనిషికి ఇవ్వాలి. ఫోన్ ఎత్తని ఏజెంటు అయితే నూట ఎనభై కాదు, రూపాయి కూడా దండగ.

నో క్లెయిమ్ బోనస్ గురించి కొంచెం చెప్పాలి. ఏడాది క్లెయిమ్ లేకపోతే డ్యామేజీ భాగంలో 20 శాతం తగ్గుద్ది, తర్వాత 25, 35, 45, చివరికి 50 దాకా పోద్ది. కంపెనీ మారినా మనతో వస్తది. కారు అమ్మేసి వేరేది కొన్నా మనతోనే వస్తది, అమ్మేటప్పుడు కంపెనీ దగ్గర ఆ మేరకు లెటర్ తీసుకోవాలి. నాకు 35 ఉన్నప్పుడు వెనక బంపర్ పగిలింది. ఆరు వేలు. క్లెయిమ్ చేద్దామనుకుని లెక్కేశా. ప్లాస్టిక్ కి సగం అరుగుదల కింద తీసేస్తారు, ఇంకో వెయ్యి మనది, చేతికొచ్చేది రెండు వేలు. దానికి బోనస్ మొత్తం సున్నా అయితే వచ్చే ఏడు అంతకంటే ఎక్కువే కట్టాలి. చేతి డబ్బులతో వేయించుకున్నా. ఫోన్లో కొనేటప్పుడు "పోయినేడు క్లెయిమ్ చేశారా" అంటే చేసి కూడా లేదని నొక్కేవాళ్ళున్నారు. వద్దు. పాత కంపెనీని అడిగితే నిమిషంలో బయటపడుద్ది, రేపు క్లెయిమ్ దగ్గర అదే పట్టుకుంటారు.

మనకుండే పెద్ద జబ్బు ఇంకోటి ఉంది. "మిర్చి అమ్మాక కడదాంలే." తేదీ దాటి 90 రోజులైతే బోనస్ పోయినట్టే. బోనస్ సరే, ఆ మధ్యలో బండి తీసి ఏదన్నా అయితే మొత్తం మన నెత్తినే. మధ్యలో కట్టబోతే బండి ఫొటోలు, ఇన్స్పెక్షన్ అని తిప్పుతారు. పంట డబ్బు ఎప్పుడు వస్తదో మనకి తెలుసు కాబట్టి, పాలసీ తేదీ చేతిలో డబ్బులుండే నెలకి వచ్చేట్టు పెట్టుకోవటం మేలు. సెకండ్ హ్యాండ్ కొన్నప్పుడు కొత్త పాలసీ తీసుకుంటే ఆ వీలు దొరుకుద్ది.

పైన అంటగట్టే కవర్లు సవాలక్ష ఉంటయ్. తాళంచెవి పోతే, సామాను పోతే అని. నా మాటకి అవన్నీ దండగ. కొత్త బండి అయితే జీరో డిప్రిసియేషన్ మంచిదే, అరుగుదల కొయ్యరు. లోతట్టున ఉండేవాళ్ళు ఇంజన్ కవర్ సంగతి ఆలోచించండి. 2024 సెప్టెంబర్ లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్ నగర్ మునిగినప్పుడు ఎన్ని కార్లు నీళ్ళలో ఉన్నయ్యో టీవీలో చూశాం కదా. ఫుల్ పాలసీలో వరద నష్టం ఉంటది, థర్డ్ పార్టీలో ఉండదు. కానీ నీళ్ళలో ఉన్న బండిని స్టార్ట్ చేసి ఇంజన్ పట్టేస్తే, ఆ ఇంజన్ ఖర్చు ఇంజన్ కవర్ లేకుండా ఇవ్వరు. కాబట్టి నీళ్ళలో నిలిచిన బండికి తాళం తిప్పొద్దు, తాడు కట్టి ట్రాక్టర్ తో లాగించండి.

కంపెనీ అన్యాయంగా కాదంటే ఊరుకోవద్దు. ముందు కంపెనీకే రాతపూర్వకంగా ఇవ్వాలి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్ లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఉన్నారు, రెండు రాష్ట్రాలకీ ఆయనే. ఫీజు లేదు, వకీలు అక్కర్లా, 50 లక్షల దాకా వివాదాలు చూస్తారు, ఏడాది లోపల వెళ్ళాలి. 155255 కి ఫోన్ చేసినా దారి చెప్తారు. మా తోడల్లుణ్ణి కూడా పొమ్మన్నా గానీ, తన కాయితంలోనే లోపం ఉందని తెలిసి ఆగిపోయాడు. ఆ ఏడు మిర్చి డబ్బులోంచే షెడ్డు బిల్లు కట్టాడు.

ఇప్పుడు మా బావమరిది నరసరావుపేటలో ఒక బండి చూశాడంట. అడ్వాన్సు ఇవ్వబోతున్నా అని నిన్న ఫోన్ చేశాడు. బండి సంగతి తర్వాత, ముందు పాలసీ కాయితం ఫొటో తీసి పంపమన్నా. ఇంకా రాలేదు.