గోడలో దాగిన గాలి

వేసవిలో పగటి యెండకన్న రాత్రి యుక్కయే దుస్సహమని తెలుగునాట వృద్ధులు చెప్పుచుందురు. ఆ మాటలో సత్యము కలదు. పగలు చెట్టునీడయైనను దొరకును. రాత్రి నాలుగు గోడల నడుమ పండుకొనక తప్పదు. రాత్రి పది గంటలకు పడమటి గోడపై చేయి యానించి చూచినచో అది యింకను వెచ్చగనే యుండును. ప్రొద్దు గ్రుంకి మూడు గంటలైన పిదప ఆ వేడి యెక్కడిది? అది మధ్యాహ్నమున గోడ త్రాగిన యెండయే. తొమ్మిది అంగుళముల యిటుక గోడను దాటి వెలుపలి వేడి లోపలికి చేరుటకు సుమారు ఆరేడు గంటలు పట్టును. మూడు గంటలనాటి యెండ సరిగా నిద్రవేళకు గదిలో అడుగుపెట్టును.

2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు దేశమున 2,000 మందికి పైగా మరణించిరి. వారిలో అత్యధికులు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములవారు. ఆ మరణములకు గోడలే కారణమనుట తగదు. పెక్కుమంది యెండలో పనిచేయుచు కూలినవారు. కాని పగలెల్ల శ్రమించిన శరీరమునకు రాత్రియైనను చల్లబడు చోటు లేకపోవుట సామాన్యమైన విషయము కాదు.

పూర్వము పల్లెలలో మట్టిగోడలు మూరెడు మందమున నుండెడివి. పైన తాటాకు కప్పు, ముందు వసారా. ఆ యిండ్లు చల్లగా నుండెననుటలో సందేహము లేదు. మరల అట్టి గోడలే పెట్టుకొనుడని చెప్పుట సులభము. ఏటేట వానలు వెలిసిన పిదప వానిని మెత్తి యలుకుటకు ఓపికయు, తీరికయు ఎవరికి కలవు? అట్లని నేడు పట్టణములలో సిమెంటు స్తంభముల నడుమ నాలుగున్నర అంగుళముల సన్నని గోడ నిలిపి, అది కాగినపుడు చల్లగాలి యంత్రము బిగించుకొనుట వివేకమనిపించుకొనదు. ఆ యంత్రము గదిలోని వేడిని తీసి ప్రక్కసందులోనికి త్రోయును. యంత్రము కొనలేని పొరుగువాని కిటికీ ఆ సందులోనికే తెరచియుండును! దానిని నడుపు విద్యుత్తులో అధికభాగము బొగ్గు మండించుటవలన వచ్చుచున్నదే.

ఈ రెంటికి నడుమ ఒక మార్గమును కేరళమున లారీ బేకర్ ఆచరించి చూపిరి. 1917లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున జన్మించిన ఈ వాస్తుశిల్పి, కుష్ఠురోగులకు సేవచేయు సంస్థ పక్షమున 1945లో భారతదేశమునకు వచ్చి, ఇచ్చటి పౌరుడై, 2007లో తిరువనంతపురమున కన్నుమూసిరి. ఇంటికి కావలసిన వస్తువులు ఐదు మైళ్ల లోపల దొరకునవై యుండవలెనని గాంధీమహాత్ముడు చెప్పిన మాట ఆయన మనస్సున నాటుకొనెను. 1970వ దశకమున తిరువనంతపురమునందలి సెంటర్ ఫర్ డెవలప్‌మెంట్ స్టడీస్ అను సంస్థకు ఆయన కట్టిన భవనములు పూతలేని ఎఱ్ఱని యిటుక గోడలతో, గాలి వచ్చు ఇటుక జాలీలతో నేటికిని నిలిచియున్నవి.

బేకర్ విరివిగా వాడిన కట్టుబడికి ఎలుకబోను కట్టు అని పేరు. అది ఇంగ్లండున పూర్వమునుండి యున్నదే. సాధారణముగా తాపీపనివాడు ఇటుకను పండబెట్టి పేర్చును. ఈ పద్ధతిలో ఇటుకను అంచుమీద నిలుపుదురు. తొమ్మిది అంగుళముల పొడవు, నాలుగున్నర అంగుళముల వెడల్పు, మూడంగుళముల మందము గల యిటుకలను తీసికొనుడు. గోడ వెలుపలి వైపున ఒకటి, లోపలి వైపున ఒకటి, రెండును పొడవుగా నిలిపినచో నడుమ మూడంగుళముల సందు మిగులును. వాని తరువాత ఒక యిటుకను అడ్డముగా నిలిపి రెండు వైపులను కలుపుదురు. మరల రెండు నిలువు, ఒకటి అడ్డము. అడుగు పొడవు, ముప్పాతిక అడుగు ఎత్తుగల గోడకు సాధారణ పద్ధతిలో ఎనిమిది ఇటుకలు పట్టును. ఈ పద్ధతిలో ఆరు చాలును. సున్నపు పొరలను విడిచి కాగితముమీద లెక్కవేసినచో ఎవరికైనను ఇది తేలును. గోడ మందము మాత్రము తొమ్మిది అంగుళములే.

నడుమ మిగిలిన గూళ్లలో గాలి చిక్కుపడి యుండును. కదలని గాలి ఇటుకకన్న ఎన్నో రెట్లు తక్కువగా వేడిని ప్రసరింపజేయును. గొంగడి వెచ్చగా నుంచుట ఉన్ని గొప్పదనముకన్న ఆ ఉన్ని పోగుల నడుమ నిలిచిన గాలి గొప్పదనమే. అయినను అతిశయోక్తి పనికిరాదు. అడ్డముగా నున్న యిటుకలు వేడికి వంతెనలవలె పనిచేయును. సందులోని గాలియు పూర్తిగా నిశ్చలముగా నుండదు. కావున ఈ గోడ నిండుగోడకన్న కొంత మేలుగా వేడిని ఆపునే కాని, ఇంటిని గుహవలె చల్లబరపజాలదు. ఒంటి యంతస్తు ఇంటికి గోడలకన్న పైకప్పునుండియే ఎక్కువ వేడి దిగును. కప్పుకు సున్నము పూయక, పడమటి గోడకు నీడ కల్పింపక, ఎలుకబోనునే నమ్ముకొన్నవాడు నిరాశపడును.

అసలు లాభము మరియొకచోట నున్నది. కాల్చిన ఇటుక పుట్టుకయందే నిప్పు కలదు. బట్టీలో బొగ్గు మండును; పొలముల సారవంతమైన పైమట్టి అచ్చులలోనికి పోవును. గోడలో నాలుగవ వంతు ఇటుక మిగిలినచో ఆ మేరకు బొగ్గును, మట్టియు మిగులును. థర్మల్ కేంద్రముల బూడిదతో చేయు ఇటుకలకు బట్టీయే అక్కరలేదు. వానితోను ఈ కట్టుబడి సాధ్యమే.

బోలుగోడ నిలుచునా యని కొందరు శంకింతురు. రెండంతస్తుల ఇండ్లను ఈ గోడలమీదనే నిలిపినవారు కలరు. మూలలను, ద్వారబంధముల ప్రక్కలను, కప్పు క్రింది వరుసను మాత్రము నిండుగా కట్టవలెను. మేకు కొట్టుట కొంత కష్టము. విద్యుత్తీగెలను గూళ్లగుండ పంపుట సులభము. ఇంత యనుకూలమైనది ఏల వ్యాపింపలేదనినచో, కట్టుబడి ఖర్చునుబట్టి ప్రతిఫలము పొందువారు ఖర్చు తగ్గింప ఉత్సాహపడుట అరుదు. గృహస్థునకును పూతలేని ఇటుక గోడ బీదరికమునకు గుర్తుగా తోచును. ఈ రెండవ యడ్డంకియే పెద్దది.

తాపీపనివానికి మొదటి దినమున చేయి తడబడుట సహజము. ఎక్కువ పొరపాటు గూళ్లలోనికి అడుసు జారుటయందే జరుగును. జారిన యడుసు రెండు వైపులను అంటి సందును పూడ్చివేయును. సందుపై చిన్న చెక్కబద్ద నుంచి, వరుస ముగియగనే దానిని తీసివేయించు మేస్త్రీ తిరువనంతపురమున సులభముగా దొరకును. ఇతరచోట్ల ఇంటి యజమానియే మొదటి రెండు దినములు ఎండలో నిలిచి ఆ చెక్కబద్దను చూచుకొనవలెను.