పెళ్ళికూతురి నెత్తిన పడ్డ నింద

హాకీ అనగానే మనకి పచ్చగడ్డి మైదానం, ధ్యాన్‌చంద్ గుర్తొస్తారు. ఈ వారం నేను చెప్పబోయేది ఆ హాకీ కాదు, మంచు మీద ఆడే హాకీ. కాళ్ళకి స్కేట్లు తొడుక్కుని, బంతికి బదులు ‘పక్’ అనే నల్లటి రబ్బరు బిళ్ళని కర్రలతో కొడుతూ, ఒకళ్ళనొకళ్ళు గోడకేసి గుద్దుకుంటూ ఆడతారు. మనవాళ్ళకి హీరోలంటే ఎంత పిచ్చో, కెనడా వాళ్ళకి ఆ ఆటగాళ్ళంటే అంత పిచ్చి.

సినిమా పత్రికలో ఈ మంచుగోల ఎందుకంటారా? సంబంధం ఉంది! ఈ కథలో ఒక సినిమా తార ఉంది, వైభవంగా జరిగిన పెళ్ళి ఉంది, కన్నీళ్ళున్నాయి, డబ్బు మూటలున్నాయి. అన్నిటికీ మించి మా పత్రికలవాళ్ళం తలదించుకోవాల్సిన సంగతి ఒకటుంది.

ముందు బేరాల సంగతి చెబుతాను. అమెరికా, కెనడాల్లో ఎన్.హెచ్.ఎల్. అనే పెద్ద లీగ్ ఉంది. అక్టోబరులో మొదలైన ఆట జూన్‌లో స్టాన్లీ కప్పుతో ముగుస్తుంది. ఆట ఆగాక అసలు నాటకం మొదలవుతుంది. కాంట్రాక్టు తీరిన ఆటగాడు ‘ఫ్రీ ఏజెంట్’. నచ్చిన జట్టుతో సంతకం పెట్టుకోవచ్చు. కాంట్రాక్టు ఉండగానే ఒక జట్టు తన ఆటగాణ్ణి ఇంకో జట్టుకిచ్చి, బదులుగా ఆ జట్టు ఆటగాణ్ణి తెచ్చుకుంటే అది ‘ట్రేడ్’. పంపకూడదన్న షరతు కాంట్రాక్టులో లేకపోతే అతగాడు పెట్టె సర్దుకుని, చెప్పిన ఊరికి పోవలసిందే.

మనకిది కొత్తేమీ కాదు. పాత హాలీవుడ్‌లో స్టూడియోలు తారల్ని ఇలాగే చేతులు మార్చేవి. ఎం.జి.ఎం. స్టూడియో క్లార్క్ గేబుల్‌ని కొలంబియా వాళ్ళకి అరువిస్తే, ఆ అరువు చిత్రం ‘ఇట్ హాపెన్డ్ వన్ నైట్’ (1934) అతనికి ఆస్కార్ తెచ్చిపెట్టింది. కాంట్రాక్టు పేరుతో తనని కట్టిపడేస్తున్నారని ఒలీవియా డి హావిలాండ్ వార్నర్ బ్రదర్స్ మీద కోర్టుకెక్కి 1944లో గెలిచింది. హాకీ ఆటగాళ్ళకి అలాంటి స్వేచ్ఛ రావడానికి చాలా ఏళ్ళు పట్టింది.

ఇక అసలు కథ. వేన్ గ్రెట్స్‌కీ. చొక్కా నంబరు 99. ఎడ్మంటన్ ఆయిలర్స్ జట్టుకి దేవుడు! 1981-82 సీజన్‌లో 92 గోల్స్ కొట్టిన మొనగాడు. 1988 మేలో జట్టుకి నాలుగో స్టాన్లీ కప్పు గెలిచిపెట్టాడు. జూలై 16న హాలీవుడ్ నటి జానెట్ జోన్స్‌ని ఎడ్మంటన్‌లో పెళ్ళాడాడు. ‘ది ఫ్లెమింగో కిడ్’, ‘ఎ కోరస్ లైన్’ చిత్రాల్లో కనిపించిందే, ఆవిడే. కెనడా అంతా రాజుగారింట పెళ్ళిలా చెప్పుకుంది.

సరిగ్గా ఇరవై నాలుగు రోజులు గడిచాయో లేదో, ఆగస్టు 9న పిడుగు పడింది. గ్రెట్స్‌కీని లాస్ ఏంజిలిస్ కింగ్స్ జట్టుకి ఇచ్చేశారు! విలేఖరుల ముందు మాట్లాడబోయి, ఏడవనని స్నేహితుడు మెస్సియర్‌కి మాటిచ్చానంటూనే ఏడ్చేశాడు. జనం భగ్గుమన్నారు. జట్టు యజమాని పీటర్ పాక్లింగ్టన్ దిష్టిబొమ్మ తగలబెట్టారు. నెల్సన్ రీస్ అనే పార్లమెంటు సభ్యుడైతే ప్రభుత్వమే అడ్డుపడాలన్నాడు!

కానీ నింద ఎవరి మీద పడిందో తెలుసా? కొత్త పెళ్ళికూతురి మీద. ‘సినిమా వేషాల కోసం మొగుణ్ణి హాలీవుడ్‌కి లాక్కుపోయింది’ అన్నారు. పత్రికలూ ఆ మాటే తిప్పి తిప్పి రాశాయి.

ఇప్పుడు బేరం లెక్క చూడండి. కింగ్స్‌కి గ్రెట్స్‌కీతోపాటు మరో ఇద్దరు ఆటగాళ్ళు దక్కారు. ఆయిలర్స్‌కి ఇద్దరు ఆటగాళ్ళు, కుర్రాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో మూడు మొదటి రౌండు అవకాశాలు దక్కాయి. వాటితోపాటు 1.5 కోట్ల డాలర్ల రొక్కం! ఆ రొక్కం జానెట్ ఒళ్ళో పడలేదు. యజమాని పెట్టెలో పడింది. పైగా తనని అమ్మకానికి పెట్టిన సంగతి కప్పు గెలిచిన రాత్రే, అంటే పెళ్ళికి ముందే, తండ్రి వాల్టర్ ద్వారా గ్రెట్స్‌కీకి తెలిసింది. లాస్ ఏంజిలిస్‌కి చివరికి సరేనన్నది అతనే. కానీ బేరం మొదలుపెట్టింది అతనూ కాదు, ఆవిడా కాదు.

తరవాతేమైంది? గ్రెట్స్‌కీ లేకుండానే ఆయిలర్స్ 1990లో కప్పు గెలిచింది. కింగ్స్‌ని 1993లో ఫైనల్ దాకా తీసుకెళ్ళినా గ్రెట్స్‌కీకి మళ్ళీ కప్పు దక్కలేదు. అయితే మంచే ఎరగని కాలిఫోర్నియాలో మంచు హాకీకి పిచ్చి పట్టించాడు. 1993లో డిస్నీ వాళ్ళు అనాహైమ్‌లో ఏకంగా తమ సినిమా ‘ది మైటీ డక్స్’ పేరుతోనే జట్టు పెట్టారు. గ్రెట్స్‌కీ దంపతులకి ఐదుగురు పిల్లలు. మొగుణ్ణి లాక్కుపోయిందన్నవాళ్ళెవరూ లెంపలు వేసుకున్నట్టు నేను చదవలేదు.

ఎవర్నో అనడం ఎందుకు? ఈ వృత్తిలోకి వచ్చిన కొత్తలో నేనూ ఒక కథానాయిక గురించి రెండు లైన్లు రాశాను. ‘పెళ్ళయింది, చిత్రం వదిలేసింది, భర్తగారి ఆజ్ఞ అని భోగట్టా’ అని. చదివినవాళ్ళు నవ్వుకున్నారు, నేనూ మురిసిపోయాను. ఏడాది తరవాత ఆ చిత్రానికి పనిచేసిన మేకప్‌మన్ అసలు సంగతి చెప్పాడు. నిర్మాత ఆవిడకి రెండు షెడ్యూళ్ళ డబ్బు ఎగ్గొట్టాడట. నేను రాసింది చూసి ఆవిడ ఏమీ అనలేదట, పత్రిక మడిచి పక్కన పెట్టిందట. ఆ మడత నాకింకా గుర్తొస్తూనే ఉంటుంది.

హాకీలో రూల్స్ మారాయి. 2005 నుంచి జట్టు జీతాలకి పరిమితి వచ్చింది, ఆటగాణ్ణి రొక్కానికి అమ్మే పద్ధతి పోయింది. బేరాలు మాత్రం ఆగలేదు. 2025 జూన్ 30న మిచ్ మార్నర్ 8 ఏళ్ళకి 9.6 కోట్ల డాలర్ల ఒప్పందంతో టొరంటో నుంచి వేగాస్ జట్టుకి వెళ్ళాడు.

ఈసారి ఏ హీరో అయినా, ఆటగాడైనా ఉన్నచోటు వదిలి వెళ్ళాడని చదివినప్పుడు, ‘దీని వెనక ఏ ఆడది ఉందో’ అని వెతక్కండి. డబ్బు ఎవరికి చేరిందో చూడండి. నేనూ అదే చేస్తానని ఇవాళ మీ ముందు లెంపలేసుకుంటున్నాను.

వచ్చే వారం కలుద్దాం!