వానకి ఓడే ఛత్రీ

వాన రాగానే డిష్‌వాలాని తిట్టడం మా మొహల్లాలో రివాజు. బేచారా, వాడి కసూర్ ఏముంది? సిగ్నల్ 36 వేల కిలోమీటర్లు సాఫ్‌గా వచ్చి, ఆఖరి ఐదారు కిలోమీటర్ల వానలో ఖతం అవుతుంది. డీటీహెచ్ నడిచేది కేయూ బ్యాండ్ మీద. ఆ అల పొడవు సుమారు 2.5 సెంటీమీటర్లు. చినుకు కొన్ని మిల్లీమీటర్లు. రెండు కొలతలూ మరీ దూరం కావు కాబట్టే చినుకులు దాన్ని కొంత మింగేస్తాయి, కొంత చెదరగొడతాయి. సీ బ్యాండ్ అల దానికి మూడింతలు, వానకి అంతగా బెదరదు. కాకపోతే పెద్ద డిష్ కావాలి, మన డాబాల మీద అంత జాగా ఏదీ? పాత అనలాగ్ బొమ్మ చుక్కలు చుక్కలుగానైనా కనిపించేది. డిజిటల్‌కి ఆ మురవ్వత్ లేదు. గళ్లుగళ్లుగా పగిలి, గాయబ్.

సీరియల్ పోతే పోనీ. నా ఫికర్ తుఫాన్ ఖబర్ గురించి. తీరంలో సరిగ్గా గాలివాన ముదిరిన వేళకే టీవీ గూంగా అయిపోతుంది. మీడియం వేవ్ రేడియో అల వందల మీటర్ల పొడవు; చినుకుని ఖాతరు చేయదు. మెరుపు మెరిస్తే కాస్త బరబరమంటుంది, అంతే. కరెంటు పోయినా రెండు సెల్లుల మీద బతుకుతుంది. తుఫాన్ మీటింగుల్లో యాప్‌ల గురించి గంటలు మాట్లాడే సాహెబులు దాని జిక్ర్ కూడా చేయాలి. మత్స్యకారుల బస్తీల్లో ఇంటికో ట్రాన్సిస్టర్ ఇవ్వడానికి ఎంత ఖర్చని?