పాత రైఫిల్, పెరిగిన ధర

గ్రీజు పూసి దాచిన మోసిన్-నాగంట్ రైఫిళ్లు సోవియట్ యూనియన్ కూలాక పెట్టెలకు పెట్టెలు అమెరికా చేరాయి. 2000ల తొలినాళ్లలో ఒక్కోటి వంద డాలర్ల లోపే. 1891 నాటి ఆ నమూనాకు ఇప్పుడు సేకర్తలు కొన్ని రెట్లు చెల్లిస్తున్నారు.

ధర వెనుక అమెరికా దిగుమతి నిబంధనలున్నాయి. 1968 చట్టం సైనిక మిగులు తుపాకుల రాకను అడ్డుకుంది. 1984 సవరణ, 50 ఏళ్లు దాటిన వాటి వంటి సేకరణ వస్తువులకు దారిచ్చింది. 2013 ఆగస్టులో ఒబామా ప్రభుత్వం, అమెరికా తన మిత్రదేశాలకిచ్చిన సైనిక తుపాకులను ప్రైవేటు సంస్థలు తిరిగి తెచ్చుకోకుండా ఆపింది. 2021 సెప్టెంబరు నుంచి రష్యా తుపాకులకు కొత్త అనుమతులూ బందయ్యాయి.

ఆంక్షలు విధించే హక్కు ప్రభుత్వానిది, కాదనలేం. కానీ ఎనభై ఏళ్ల నాటి బోల్ట్ రైఫిల్‌నూ నేటి కర్మాగారపు సరుకునూ ఒకే గాటన కట్టడం సరికాదు. దాని మీది ముద్రలు, సంవత్సరాలు, మరమ్మతు గుర్తులు చరిత్ర ఆధారాలు. కొనేవాడి నేపథ్యాన్ని మాత్రం గట్టిగా పరిశీలించాల్సిందే.

అందుకు నమూనా అమెరికాలోనే ఉంది. ఫిలిప్పీన్స్ నుంచి తిరిగొచ్చిన ఎం1 గారండ్ సైనిక రైఫిళ్లను సివిలియన్ మార్క్స్‌మన్‌షిప్ ప్రోగ్రామ్ అనే సంస్థ నాణ్యతను బట్టి వర్గీకరించి, ధర ప్రకటించి, నేపథ్య తనిఖీ తర్వాతే అమ్మింది.