ఇంట్లో మనుషులుంటే చాలదు

చూపు తగ్గిన పెద్దవాళ్లతో మన ఇళ్లలో అందరూ అనే మాట ఒకటుంది: ‘ఇంతమందిమి ఉండగా మీకు ఫోనుతో పనేంటి? ఏం కావాలన్నా మమ్మల్ని అడగండి.’ ప్రేమతోనే అంటారు. కానీ టైమెంతయిందో, వానొచ్చేలా ఉందో లేదో, ఫోన్ చేస్తున్నదెవరో ప్రతిసారీ ఒకరిని అడగాల్సి వస్తే, కొన్నాళ్లకు మనిషి అడగడమే మానేస్తాడు. అవసరం తీరిపోయి కాదు, విసిగిస్తున్నానేమోనన్న జంకుతో. ఆ మౌనాన్ని చూసి మనం ‘పెద్దాయనకు ఏ లోటూ లేదు’ అనుకుంటాం. మాటతో పనిచేసే ఫోన్లు, స్పీకర్లు ఇలాంటి చిన్న చిన్న పనులనే తిరిగి వాళ్ల చేతిలో పెడతాయి: తనంతట తాను కూతురికి ఫోన్ చేయడం, మందు వేళకు గుర్తుచేయించుకోవడం, వార్తలు వినడం. మందు బిళ్ల ఏదో పోల్చుకోవడానికి ఇంకో మనిషి కన్ను కావాల్సి రావచ్చు. అంతమాత్రాన మిగతావన్నీ ఇంకొకరి తీరికకు వదిలేయాలనడం న్యాయం కాదు.

‘ఆపరేషన్ చేయిస్తే సరిపోయేదానికి ఇదంతా ఎందుకు’ అనేవారున్నారు. శుక్లాలకు ఆపరేషన్ తప్పకుండా చేయించాలి. 2015–19 జాతీయ అంధత్వ సర్వే ప్రకారం, 50 ఏళ్లు దాటినవారి అంధత్వంలో 66.2 శాతానికి ఆపరేషన్‌కు నోచుకోని శుక్లమే కారణం. మరి మిగిలిన మూడో వంతు? నీటికాసుల వల్ల పోయిన చూపును ఏ వైద్యమూ తిరిగి తేలేదు. పెద్ద వయసులో చూపు పోయినవారికి బ్రెయిలీ అంత తేలిగ్గా పట్టుబడదు. ఏళ్ల తరబడి మధుమేహం ఉన్నవారిలో కొందరికి వేళ్ల స్పర్శ కూడా మొద్దుబారుతుంది. తెరమీది అక్షరాలను చదివి వినిపించే టాక్‌బ్యాక్ గొప్ప సాయమే, కానీ దానికి ఎన్ని వేళ్లతో ఎటు జరపాలో, ఎన్నిసార్లు తట్టాలో కొత్తగా నేర్చుకోవాలి. మాట అలా కాదు, జీవితమంతా వాడిందే.

‘ఈ వయసులో వాళ్లకేం వస్తుంది’ అన్నది ఇంకో అభ్యంతరం. ఇక్కడ తప్పు వయసుది కాదు, భాషది. మాటతో పనిచేసే అలెక్సా 2017లో మన దేశానికి ఇంగ్లీషుతో వచ్చింది, 2019లో హిందీ కలుపుకుంది. మాటతో డబ్బు పంపే హలో యూపీఐ 2023 సెప్టెంబరులో హిందీ, ఇంగ్లీషులతోనే మొదలైంది. ఫోన్లో గూగుల్ అసిస్టెంట్‌కు తెలుగు వచ్చు, అయితే శ్రీకాకుళం యాసలోనో పాలమూరు యాసలోనో, పళ్లూడిన నోటితో అన్న మాట దానికి అందకపోతే, నేర్చుకోవాల్సింది యంత్రం. ‘పెద్దవాళ్లకు రాదు’ అని మనమే తీర్పు చెప్పేస్తే, తయారీదారులు ఆ పని ఎందుకు తలకెత్తుకుంటారు?

మోసాల భయం మాత్రం నిజమైనదే. గొంతును అనుకరించి, వివరాలు రాబట్టి ఖాతాలు ఊడ్చే దొంగలున్నారు. అందుకే పంపే మొత్తానికి పరిమితి, పంపేముందు పేరూ మొత్తమూ చదివి వినిపించే నిబంధన ఉండాలి. కానీ ఇప్పుడు మాత్రం ఖాతా పిన్ ఎవరి దగ్గరుంది? చూడలేని పెద్దాయన ఏటీఎం కార్డూ, పిన్నూ ఇంకొకరికి అప్పగించి, ఎంత తీశారంటే అంతేనని నమ్ముతున్నాడు. తన ఖాతాలో పింఛను ఎంత పడిందో తన చెవితో వినగలగడం ప్రమాదం కాదు, కాపుదల.

యంత్రం వస్తే మనుషులు దూరమవుతారన్న దిగులూ నిలవదు. టైమెంతో చెప్పే బాధ్యత తప్పిన మనవడికి తాతతో కబుర్లాడే తీరిక మిగులుతుంది. పైగా ఈ సౌకర్యం దయకు సంబంధించిన విషయం కాదు. డిజిటల్ సేవలు అందుబాటులో ఉండటం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న చెప్పింది. కాబట్టి బ్యాంకులు, ప్రభుత్వ సేవలు తెలుగు మాటకు తెలుగులో బదులు చెప్పాలి. కంటి ఆసుపత్రులు చూపు తిరిగి రాదని చెప్పిన రోజే ఫోనును మాటతో వాడటమూ నేర్పాలి. ఇంట్లోవాళ్లు ‘మమ్మల్ని అడగండి’ అనేముందు ఆ ఫోను పెద్దవాళ్ల చేతికివ్వాలి, నేర్చుకునేదాకా ఓపిగ్గా పక్కన కూర్చోవాలి.