రజూలా డెక్కు మీది మనుషులు

నిర్మల్‌కు సముద్రం దూరం, వలస దగ్గర. గల్ఫ్‌కు మనుషుల్ని పంపిన మన జిల్లాలో ‘రజూలా’ స్టీమరు కథ తెలిసి ఉండాలి. 1926లో గ్లాస్గోలో కట్టిన ఈ బ్రిటిష్ ఇండియా కంపెనీ ఓడ మద్రాసు, నాగపట్నం నుంచి పెనాంగ్, సింగపూర్‌కు నడిచేది. ఐదు వేలకు పైగా డెక్కు ప్రయాణికులను ఎక్కించుకోవడానికి దానికి అనుమతి ఉండేది. వాళ్లకు పడకలుండేవి కావు, చాప పరుచుకున్న చోటే ఇల్లు. మలయా తోటలకు తమిళులు, తెలుగువాళ్లు అలాగే వెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధం రాగానే ఆ ఓడే సైనికుల్ని మోసింది. కూలీ అయినా సిపాయి అయినా సామ్రాజ్యానికి తలల లెక్కే, ఇది నా గట్టి అభిప్రాయం. 1941 డిసెంబరులో జపాన్ సేనలు మలయాలోని కోట బారు దగ్గర దిగినప్పుడు అక్కడి విమానాశ్రయ రక్షణలో ఉన్నది నిజాం సంస్థానపు హైదరాబాద్ పదాతి దళం. నిర్మల్ అప్పుడు ఆ సంస్థానంలోదే. మన పాఠ్యపుస్తకాల్లో ఆ కోట బారు సిపాయిలకు ఒక పేజీ దక్కాలి. రజూలా 1974లో తుక్కుగా మారింది. మీ ఇంట్లో తాతల నాటి సైన్యం కాగితమో, ఓడ టికెట్టో ఉంటే పారేయకండి. పిల్లలకు చూపించి, ఆ పేర్లు రాసి పెట్టండి.