పాపం వైఫై

ఆదివారం అమ్మతో వీడియో కాల్. అమ్మ మొహం గళ్ళు గళ్ళుగా విడిపోతోంది, మాట ముందొస్తే పెదాలు తర్వాత కదులుతున్నాయి. మనకలవాటేగా, హాస్టల్ వైఫైని తిట్టేశాను. తీరా అదే వైఫైలో ఫోన్ నుంచి చేస్తే కాల్ శుభ్రంగా నడిచింది! అప్పుడు గుర్తొచ్చింది, ముందురోజు రాత్రే ల్యాప్‌టాప్ అప్‌డేట్ అయిందని.

మళ్ళీ కాల్ చేసి టాస్క్ మేనేజర్ తెరిచా. సీపీయూ 100 శాతం, జీపీయూ ఖాళీగా కూర్చుంది. అప్‌డేట్ నా గ్రాఫిక్స్ డ్రైవర్ తీసేసి ఏదో మామూలు డ్రైవర్ పెట్టింది. దాంతో వచ్చే వీడియోని విప్పడం, వెళ్ళేదాన్ని కుదించడం అన్నీ సీపీయూ నెత్తిన పడ్డాయి. ల్యాప్‌టాప్ కంపెనీ సైట్ నుంచి సరైన డ్రైవర్ వేసుకున్నాక కుదుటపడింది.

"అప్‌డేట్లు ఆపెయ్ రా బాబూ" అన్నాడు రూమ్మేట్. నేనొప్పుకోను. సెక్యూరిటీ ప్యాచ్‌లు వచ్చేదీ వాటితోనే. నా కోపమల్లా, డ్రైవర్ మార్చినప్పుడు ఒక్క ముక్క చెప్పొచ్చుగా అని. "దయచేసి ఆగండి" అనడానికైతే స్క్రీన్ మొత్తం కావాలి! ఇక నా సంగతా... నెట్‌వర్క్స్ ల్యాబ్‌లో పింగ్ కొట్టి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి, రూమ్‌లో అదీ కొట్టకుండానే వైఫై మీద పడ్డాను.

ఈ వారం కాల్ స్పష్టంగా ఉంది. "చిక్కిపోయావేంట్రా" అంది అమ్మ.